నక్క తోకా, గంగులు గుండ్రమూ

శశీ, ఆముక్తా, ఇటు చూడండి. ఇది నేను ఒత్తిన అప్పడం. ఇది అప్పడాల కర్ర. కర్రని అప్పడం అంచుకి ఇలా ఆనించాను. ఎన్ని చోట్ల తాకింది?

ఒక్కచోటే కదూ! కాస్త లోపలికి జరిపితే అంచుని రెండు చోట్ల కోస్తుంది. వెనక్కి తీస్తే అసలు తాకనే తాకదు. ఇలా అంచుని ఒక్కచోట మాత్రం పలకరించి తన దారిన పోయే తిన్నని గీతని స్పర్శరేఖ అంటారు. దాన్ని నమ్ముకుని ఒక నక్క ఏమైపోయిందో చెబుతాను. పిండి మీద తడిగుడ్డ కప్పాను, కాసేపు ఆగుతుందిలే.

ఒక రైతు దొడ్లో గంగులు అనే కుక్క ఉండేది. వయసూ పెద్దదే, గొంతూ పెద్దదే. చుట్టపుచూపుగా వచ్చిన కొత్తల్లుడి పంచె పట్టుకుని దొడ్డంతా ఈడ్చినందుకు దాన్ని కట్టేశారు. దొడ్డి మధ్యన గుంజ, గుంజకి వదులుగా ఒక ఇనుప కడియం, కడియానికి తాడు, తాడుకి గంగులు. ఇక పనేముంది? తాడు బిగిసేదాకా పోవడం, గుంజ చుట్టూ తిరగడం. తిరిగి తిరిగి నేల మీద చక్కని గుండ్రం పడింది. గుంజ కేంద్రం, తాడు వ్యాసార్థం. ఏ వైపు పోయినా తాడు పొడవు మారదు కదా, అందుకే గుండ్రం అంత కుదురుగా వచ్చింది.

దొడ్డికి ఒక పక్క బ్రహ్మజెముడు కంచె. కంచెకీ గుండ్రానికీ మధ్య సన్నని బాట, తాడు పట్టి గీసినట్టు తిన్నగా ఉంటుంది. బాటకి ఈ చివర కంచెలో ఒక కంత. ఆ చివర చుక్కల పెట్ట తన పిల్లలతో కాపురముండే గంప.

ఒక మధ్యాహ్నం కంతలోంచి నక్క తల దూర్చింది.

"బావున్నావా గంగులు బావా? కొత్తల్లుడి పంచె రుచిగా ఉందా?"

గంగులు ఎగిరి ఉరికింది. తాడు బిగిసి మెడని వెనక్కి లాగింది. నక్క బాట మీద పెళ్ళినడక మొదలెట్టింది. గంగులు గుండ్రం వెంట దాని పక్కనే పరిగెత్తింది, మొరిగింది, రొప్పింది. ఎక్కడా అందలేదు. నక్క వెళ్ళి గంప మీద గోటితో టకటకలాడించింది. ఇంతలో ఇంట్లోంచి రైతు దగ్గు వినిపించేసరికి వెనక్కి తిరిగింది.

"చూశావా బావా, ఈ బాట అంచు నీ గుండ్రానికి స్పర్శరేఖ. నీకు అందేది దాని మీద ఒక్క చుక్క! ఆ చుక్క దాటాక నువ్వు మొరిగినా, పాట పాడినా నాకొకటే. రేపు మీ అయ్య పొలానికి పోగానే వస్తాను. పిల్లల్ని శుభ్రంగా ఉంచమని పెట్టమ్మకి చెప్పు."

నక్క పోయాక గంగులు కూలబడింది.

"ఒక్క పిల్ల పోయినా నన్ను ఇటుకబట్టీ వాళ్ళకి ఇచ్చేస్తానన్నాడు అయ్య. ఈ వయసులో ఆ పొగలో ఎలా బతకను పెట్టమ్మా?"

"ఏడుపు తర్వాత బాబాయ్," అంది చుక్కల పెట్ట. "నీకు పోయేది చోటు. నాకు పోయేది పిల్లలు. వాడి వెంట అంత దూరం పరిగెత్తావు కదా, నీ ముక్కు బాటకి ఎక్కడ ఆనింది?"

"అదిగో, ఆ తెల్లరాయి దగ్గర. అక్కడ తాడు బాటకి సరిగ్గా అడ్డంగా నిలుస్తుంది. ఇటూ వాలదు, అటూ వాలదు."

విన్నారా పిల్లలూ? తాకే చోట వ్యాసార్థం స్పర్శరేఖకి లంబంగా ఉంటుంది. గంగులుకి ఆ మాట తెలీదు. మెడనొప్పి తెలుసు.

"మిగతా చోట్ల?"

"ఒక్క అడుగు ఇటు జరిగినా, అటు జరిగినా బాట నాకు దూరమైపోతుంది."

"మరి వాడి పక్కన ఊరేగింపులా పరుగులు దేనికి? రేపు ఆ రాయి దగ్గరే పడుకో. గుర్రు కూడా పెట్టు."

"పడుకుని ఏం లాభమే? వాడు కంచె వారగా పోతాడు. నా పళ్ళు బాట అంచుదాకానే."

"ఆ సంగతి నాకొదిలెయ్."

మర్నాడు రైతు పొలానికి పోయాడో లేదో, నక్క దిగింది. తెల్లరాయి దగ్గర గంగులు గుర్రు పెడుతోంది. గంప మీద చుక్కల పెట్ట నిలబడి ఉంది.

"వచ్చావా మామా! నిన్న కంగారులో చూడలేదు గానీ, ఎంత తోక మామా నీది! పట్టుకుచ్చే!"

నక్క ఆగింది. పొగిడితే ఆగని నక్క ఉంటుందా?

"అందరూ అంటారే పెట్టమ్మా."

"అందుకే చెబుతున్నా. ఆ జెముడు ముళ్ళు చూసుకో. మొన్న మా పుంజు తోక ఈకలన్నీ అక్కడే ఊడాయి. ఇప్పుడది నలుగురిలోకి రావడమే మానేసింది."

నక్క ముళ్ళ వంక చూసింది, తోక వంక చూసింది. "నీకున్న బుద్ధి మీ బాబాయికి లేదే!" అని, ఒళ్ళు కంచె వారగా పెట్టి, తోకని మాత్రం ముళ్ళకి దూరంగా ఇవతలికి తిప్పింది. తెల్లరాయి దగ్గరికి వచ్చింది. తల దాటింది. భుజం దాటింది. నడుమూ దాటింది.

గురక ఆగిపోయింది.

"కుయ్యో! అన్యాయం! నేను గీత దాటలేదు! ఎక్కడ దాటానో చూపించండి!"

గంగులు బదులు చెప్పలేదు. నోరు ఖాళీగా లేదు.

పెట్టే చెప్పింది. "గీతకి వెడల్పు ఉండదు మామా. నీకు ఉంది."

నక్క గింజుకుంది, లాక్కుంది, చివరికి సగం తోక వదిలేసి కంతలోంచి పడుతూ లేస్తూ పోయింది. సాయంత్రం రైతు వచ్చి చూస్తే, గంప కింద పిల్లలన్నీ కువకువలాడుతున్నాయి. గంగులు మూతి నిండా నక్క బొచ్చు. అయ్య ఇంకేం అడగలేదు, తాడు విప్పేశాడు. గంగులు మాత్రం అలవాటు పోక ఆ గుండ్రం మీదే ఇంకో చుట్టు తిరిగొచ్చి పడుకుందిట.

హద్దు అంచున నడిచేవాళ్ళు కాళ్ళు ఎక్కడున్నాయో చూసుకుంటే చాలదు, తోక ఎటుందో కూడా చూసుకోవాలి.

ఆముక్తా, ఆ కర్ర ఇలా ఇవ్వు. తడిగుడ్డ ఆరిపోతోంది, ఇంకా సగం ముద్ద అలాగే ఉంది. నేను పోయి ఒత్తేసి వస్తాను.