పురిటింటి నిప్పు

అనగా అనగా, మా తాతల తాతలు ఉయ్యాల్లో ఊగుతున్న రోజుల్లో, ఏటి ఒడ్డున ఒక పల్లె. ఆ పల్లెలో ఒక మంత్రసాని. పేరు అసిరమ్మ. ఊళ్ళో సగం మంది ఆవిడ చేతుల్లో పుట్టినవాళ్ళే. అయినా కాన్పు అయిపోయాక ఆవిణ్ణి ఎవరూ గడప తొక్కనిచ్చేవారు కాదు. అదేం న్యాయమో, నన్నడక్కండి.

ఆ ఊరికో ఆచారం. కొండమ్మ తల్లి జాతరనాడు పొద్దున్నే అన్ని పొయ్యిలూ ఆర్పేయాలి. పూజారి గుళ్ళో చెకుముకి రాయి కొట్టి కొత్త నిప్పు పుట్టించాలి. ఆ నిప్పు మీద అమ్మకి పరమాన్నం వండాలి. అమ్మ తిన్నాకే ఊరు తినాలి. ఈలోగా ఎవరు పొయ్యి రాజేసినా ఊరి నుంచి వెలి.

ఒక ఏడు జాతరకి ముసురు పట్టింది. వాన, వాన, ఒకటే వాన. ఆ వానలో గంపలల్లుకునే పిల్ల ఒకత్తె, నిండు చూలాలు, దారిన పోతూ నొప్పులొచ్చి అసిరమ్మ అరుగు మీద కూలబడింది. బిడ్డ పుట్టాడు. ఒళ్ళు చల్లగా అయిపోయింది. ఏడుపు లేదు.

ఇంకేం ఆలోచిస్తుంది! అప్పుడే ఆర్పిన పొయ్యి కెలికి, బూడిద కింద నిప్పు ఊదింది అసిరమ్మ. ఇంటి మీద పొగ లేచింది.

తలారి పరిగెత్తుకొచ్చాడు. "అప్పా, పొయ్యి ఆర్పు. అమ్మకి కోపమొస్తాది."

"ముందు బిడ్డని ఏడవనీరా."

పూజారి వచ్చాడు. "ఆర్పవే! ఊరికి అరిష్టం."

"ముందు బిడ్డని ఏడవనీ బాబూ."

ఊరి పెద్ద నాయుడు వచ్చాడు. "రేపు తట్టాబుట్టా సర్దుకుని ఊరొదిలి పో."

ఈ వయసులో అసిరమ్మ ఎక్కడికి పోతుంది? కళ్ళు కారుతున్నాయి గానీ చెయ్యి ఆగలేదు. బట్ట వెచ్చచేసి బిడ్డకి కాపడం పెడుతూనే ఉంది. "అలాగే పోతాను బాబూ. ముందు బిడ్డని ఏడవనీ."

బిడ్డ కేరుమన్నాడు. అబ్బ, ఏం ఏడుపనుకున్నారు! ఏటి అవతలికి వినబడింది.

అక్కడ గుళ్ళో పూజారి రాయి కొట్టాడు. అంటుకోలేదు. నాయుడు కొట్టాడు. అంటుకోలేదు. తలారి కొట్టాడు, వేలు చితికింది తప్ప ఏమీ లేదు. ముసురుకి నిప్పురవ్వ పట్టే దూది నెమ్మెక్కిపోయింది మరి. పొద్దు వాలుతోంది. అమ్మ పస్తు, ఊరు పస్తు. ఊరంతటికీ నిప్పున్నది ఒక్క ఇంట్లోనే.

ముగ్గురూ వచ్చి అరుగు ముందు నిలబడ్డారు. ఏ మొహం పెట్టుకుని అడుగుతారు?

అసిరమ్మే అంది: "నిప్పు కావాలా బాబూ? చిప్ప తెచ్చుకున్నారా?"

పూజారి గొణిగాడు. "పురిటింటి నిప్పు... మైల కదే..."

"అమ్మా అమ్మా అని పిలుస్తారు, పురుడంటే మైలంటారు! పురుడు లేకుండా ఏ అమ్మ అమ్మయింది బాబూ?"

నాయుడు తలపాగా తీసి చంకలో పెట్టుకున్నాడు. "నువ్వెక్కడికీ పోవద్దు అసిరమ్మా. నిప్పివ్వు తల్లీ," అన్నాడు.

ఆ సాయంత్రం అమ్మ కడుపునిండా తింది. అసిరమ్మ ఆ ఊళ్ళోనే బతికింది, ఆ ఊళ్ళోనే పోయింది.

ఇప్పటికీ ఆ పల్లెలో జాతర నిప్పు పురిటింటి పొయ్యి నుంచే వస్తుంది. ఆ ఏడు ఊళ్ళో పురుడు లేకపోతే పొరుగూరు వెళ్తారు. పూజారే వెళ్ళాలి, చిప్ప పట్టుకుని. గడప బయట నిలబడి, "నిప్పివ్వు తల్లీ" అని బాలింతని అడగాలి. అడిగితేనే ఇస్తారు.