నూకాలవ్వ వేసిన ఒకే వరస

విన్నవాళ్లకు బెల్లంముక్క, నిద్రపోయినవాళ్లకు వేపపుల్ల. ఇక వినండి.

అనగనగా మోదుగులపాడు అనే ఊరు. ఆ ఊళ్లో జనం రెండువేల అయిదువందల ఇరవై మంది. ఆ అంకె అంటే వాళ్లకు మహా గర్వం. జాతర భోజనాలకు రెండేసి మందిని కూర్చోబెట్టినా, ఏడేసి మందిని కూర్చోబెట్టినా, పదేసి మందిని కూర్చోబెట్టినా వరసలన్నీ నిండేవి. రెండు మొదలు పది దాకా ఎలా వేసినా ఒక్కరూ మిగిలేవారు కాదు. పుట్టేవాళ్లూ పోయేవాళ్లూ ఎలా సరిపోయారని నన్నడక్కండి. కథకు కాళ్లు లేవు, ముంతకు చెవులు లేవు.

ఆ ఊళ్లో నూకాలవ్వ మోదుగాకులతో విస్తళ్లు కుట్టేది. తనకంటూ ఎవరూ లేరు. ఒకనాడు ఆకులకోసం అడవికి పోతే, దిక్కులేని పిల్ల ఒకతె ఏడుస్తూ కనిపించింది. పేరు పైడి. మోపు నెత్తిన, పిల్లను చంకన పెట్టుకుని అవ్వ ఇంటికొచ్చింది. ఆ గుడిసెలో నవ్వులు వినిపించడం అదే మొదలు.

ఊరిపెద్ద సూరప్పడికి మాత్రం గుండె జారింది.

"లెక్క చెడింది నూకాలూ. జాతర పంక్తిలో పిల్ల ఇమిడితే ఉంటాది. మిగిలిపోతే పొలిమేర దాటించాల. ఎవరైనా మిగిలితే అమ్మోరు మెచ్చదు" అన్నాడు.

జాతర వచ్చింది. పదేసి మందిని కూర్చోబెట్టారు. పైడి మిగిలింది. తొమ్మిదేసి మందిని కూర్చోబెట్టారు. పైడి మిగిలింది. ఏడేసి మందిని కూర్చోబెట్టారు. పైడే మిగిలింది. పదకొండేసి చూద్దామన్నారెవరో. పైడితోపాటు సూరప్పడి మామగారు కూడా మిగిలాడు. ఆ వరసలు వెంటనే తీసేశారు.

పైడి అవ్వ కొంగు పట్టుకుంది. "నానెల్లిపోతాలే అవ్వా" అంది.

అవ్వకు ఒళ్లు మండింది.

"నాకు లెక్కలు రావు. ఇస్తళ్లు పరవడమొచ్చు" అని సూరప్పడి గుమ్మం ముందు ఒక విస్తరి వేసింది. దాని పక్కన ఒకటి. దాని పక్కన ఇంకొకటి. వీధి అయిపోయింది. వరస మలుపు తిరిగింది, పొలం గట్టెక్కింది, ఏటి ఒడ్డుకు చేరింది. ఊరంతటికీ ఒకే వరస.

"కూకోండి" అంది అవ్వ. ఆకలి మీదున్న జనం కూర్చున్నారు. పైడి కూడా కూర్చుంది.

"ఏటి పెద్దయ్యా, ఇప్పుడెవరు మిగిలారో సూసి సెప్పు."

సూరప్పడు వరస పొడుగునా నడిచాడు. ఏటి ఒడ్డు దాకా వెళ్లాడు. అక్కడ పైడి పక్కన ఒకే ఒక్క విస్తరి ఖాళీగా ఉంది. నిలబడి మిగిలింది తనొక్కడే.

"కూకో తాతా, అన్నం సల్లారిపోద్ది" అంది పైడి.

ఊరంతా గొల్లుమని నవ్వింది. సూరప్పడూ నవ్వాడు. కూర్చున్నాడు. పైడి ఆ ఊరిపిల్లయింది.

నూకాలవ్వ ఎప్పుడో పోయింది. మోదుగులపాడులో ఇప్పటికీ జాతర భోజనం ఒకే వరస. పిల్లలు గవ్వలు పేర్చి ఆడుకుంటారు. సమానమైన వరసలుగా విడదీయబోతే కుదరక, ఒకే వరసగా నిలిచే అంకె వస్తే "అవ్వ అంకె" అని చప్పట్లు కొడతారు. ఏడు అవ్వ అంకె. పదమూడు అవ్వ అంకె. రెండువేల అయిదువందల ఇరవై ఒకటి, వాళ్లకు తెలిసినంతలో, పెద్దవ్వ.

ఇప్పుడు ఊళ్లో ఎంతమంది ఉన్నారంటే ఎవరూ చెప్పలేరు. జాతరనాడు వరస చివర ఒక విస్తరి ఎక్కువే వేస్తారు. కొత్తవాళ్లెవరైనా వచ్చి మొహమాటపడితే, "నూకాలవ్వ ఏసిన ఆకు, కూకోండి" అంటారు.