తొలికోత నాడు రత్నం చెప్పిన మాట

అనగనగా ఒక ఊళ్ళో, గోదారి మధ్యలో ఉన్న ఒక లంక ఊళ్ళో, ఏ ఇంట్లో గిన్నె మూత తీసినా వంకాయే ఉండేది. లంక అంటే తెలుసుగా, చుట్టూ నీళ్ళు, మధ్యలో ఇసక నేల. ఆ నేలలో కాసిన వంకాయ వెన్నలా ఉడుకుతుందని అవతలి ఒడ్డున కూడా పేరుండేది. పొద్దున చద్దన్నంలోకి వంకాయ పచ్చడి. మధ్యాహ్నం వంకాయ కూర. సాయంత్రం వంకాయ పులుసు. కాయలు లేని రోజుల్లో ఎండబెట్టిన వంకాయ వరుగులు.

ఆ ఊళ్ళో నూకరత్నం అని ఎనిమిదేళ్ళ పిల్ల ఉండేది. అందరూ రత్నం అని పిలిచేవాళ్ళు. వాళ్ళ నాన్న ఏడుకొండలుకి ఒక వంగతోట ఉండేది. తోట నాన్నదే గానీ, పెత్తనం నాయనమ్మ మంగాయమ్మది. ఏ మడికి నీళ్ళు పెట్టాలో, ఏ కాయ కొయ్యాలో ఆవిడ చెప్పాల్సిందే.

ఆ లంకలో ఒక ఆచారం ఉండేది. ఏటా తొలికోత నాడు రేవులో పొయ్యి పెట్టి గుత్తి వంకాయ వండుతారు. ఆ ఏడు వంతు వచ్చిన ఇంటి పిల్ల అందరి ముందూ మొదటి కాయ తిని, కమ్మగా ఉంది అని చెప్పాలి. ఆ మాట వచ్చాకే బుట్టలు పడవ ఎక్కుతాయి. ఒక ఇంటికి వంతు మళ్ళీ రావాలంటే పన్నెండేళ్ళు పడుతుంది. వచ్చే తొలికోతకి వంతు రత్నం వాళ్ళింటిది. అందుకే రత్నం ఎప్పట్నుంచో ఆ మాట చెప్పి చూసుకునేది. ఒకసారి మెల్లగా, ఒకసారి గట్టిగా, ఒకసారి పడవ సరంగుకి వినపడేంత గట్టిగా.

అప్పుడు రత్నానికి దురద పట్టుకుంది. మోచేతి మడతల్లో, మోకాళ్ళ వెనక, మెడ చుట్టూ చర్మం ఎర్రబడి గరుకెక్కింది. గోకితే రసి కారేది. అమ్మ కొబ్బరినూనె రాసింది. నాయనమ్మ వేపాకు నీళ్ళు పోసింది. నాన్న గోళ్ళు కత్తిరించాడు. దురద మాత్రం పోలేదు. బడిలో పక్క పిల్ల కాస్త దూరంగా జరిగి కూర్చుంది. రత్నాన్ని దురద కంటే అదే ఎక్కువ బాధపెట్టింది.

ఆ తర్వాత అమ్మా, నాయనమ్మా రత్నాన్ని పడవ ఎక్కించి అవతలి ఒడ్డున ఉన్న డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళారు. డాక్టరమ్మ వెలుతురులో చేతులు పెట్టించి చూసింది. దీన్ని ఎగ్జిమా అంటారనీ, ఇది ఒకరి నుంచి ఒకరికి అంటుకోదనీ చెప్పింది. పూతమందు రాసిచ్చింది. కొందరికి కొన్ని కూరలు పడవనీ, అవి తింటే దురద ఎక్కువవుతుందనీ, అందరికీ అలా ఉండదనీ చెప్పింది. మరి మీ ఇంట్లో ఏం తింటారని అడిగింది.

నాయనమ్మ వేళ్ళు ముడుస్తూ గోంగూర చెప్పింది, టమాటా చెప్పింది, చేమదుంప చెప్పింది. ఆలోచించి బెండకాయ, బీరకాయ కూడా చెప్పింది. వంకాయ చెప్పలేదు. దాచాలని కాదు. ఎవరైనా ఏం తింటారని అడిగితే మంచినీళ్ళు తాగుతామని చెబుతామా? ఆవిడకి వంకాయ అలాంటిది.

ఒక్కో కూరా మానిపించి చూడమంది డాక్టరమ్మ. అప్పుడు రెండు వారాలు గోంగూర మానిపించారు. తగ్గలేదు. ఇంకో రెండు వారాలు టమాటా మానిపించారు. తగ్గలేదు. ఆ తర్వాత చేమదుంప మానిపించారు. అదీ లాభం లేకపోయింది. గోంగూర లేని లోటు తీరాలని నాయనమ్మ ఇంకో వంకాయ వేసేది. పూతమందు రాసిన రోజు కాస్త నయంగా ఉండి, మర్నాడు మళ్ళీ మొదటికొచ్చేది.

రత్నం మాత్రం ఒక పని చేసింది. వంటింటి తలుపు వెనక గోడ మీద బొగ్గుతో గీతలు పెట్టడం మొదలుపెట్టింది. దురద తక్కువైన రోజు ఒక గీత. ఎక్కువైన రోజు రెండు. గోకి రక్తం వచ్చిన రోజు మూడు. ఎవరు చెప్పారని చేసిందో ఎవరికీ తెలియదు.

అప్పుడు పిన్ని పెళ్ళి వచ్చింది. అమ్మ రత్నాన్ని తీసుకుని సముద్రం ఒడ్డున ఉన్న పుట్టింటికి వెళ్ళింది. అక్కడి ఉప్పు నేలలో వంగ మొక్క బతకదు. పది రోజులూ చేపల పులుసు, మునగాకు పప్పు, అరటికాయ వేపుడు. నాలుగో రోజుకి ఎరుపు తగ్గింది. ఏడో రోజుకి రత్నం గోకడం మర్చిపోయింది. పదో రోజున పెళ్ళిలో చేతుల నిండా గాజులు వేసుకుంది.

ఆ తర్వాత ఇంటికి వచ్చారు. మనవరాలి మీద బెంగతో ఉన్న నాయనమ్మ ఆ పూట వంకాయని మూడు రకాలుగా వండింది. రత్నం మూడూ తింది. మర్నాడు పొద్దున్న గోడ మీద మూడు గీతలు పెట్టాల్సి వచ్చింది.

రత్నం ఆ గీతల ముందు చాలాసేపు కూర్చుంది. అప్పుడు ఎవరికీ చెప్పకుండా వంకాయ ముక్కలు పక్కకి తోసి అన్నం తింది. నాలుగైదు రోజులకి తగ్గింది. మళ్ళీ తింది. మళ్ళీ వచ్చింది. అలా మూడుసార్లు చూసుకుంది. మూడుసార్లూ ఒకటే జవాబు వచ్చింది. వంతు పన్నెండేళ్ళకొకసారి వస్తుందని గుర్తొచ్చి అప్పుడు మాత్రం ఏడ్చింది. ఏడ్చి, మొహం కడుక్కుని, గోడ మీద గీతలన్నీ, ఏ రోజు వంకాయ తిన్నదీ పుస్తకంలో ఎక్కించి అమ్మకి చూపించింది.

ముగ్గురూ మళ్ళీ అవతలి ఒడ్డుకి వెళ్తే, డాక్టరమ్మ ఆ పుస్తకం రెండుసార్లు తిరగేసింది. వంకాయ తింటామని మీరు చెప్పలేదే అని నాయనమ్మని అడిగింది.

"అది కూడా చెప్పాలేంటమ్మా?" అంది నాయనమ్మ.

డాక్టరమ్మ నవ్వింది. అయితే ఇక వంకాయ పెట్టొద్దనీ, మందు మాత్రం మానొద్దనీ చెప్పింది. మిగతా కూరలన్నీ మళ్ళీ పెట్టమంది. ఇకమీద ఏదైనా మానాలనిపిస్తే ముందు తనకి చెప్పమని రత్నం చెయ్యి పట్టుకుని మాట తీసుకుంది.

పడవలో తిరిగి వస్తుంటే నాయనమ్మ నీళ్ళ వంక చూస్తూ కూర్చుంది. రేవు కనపడ్డాక నోరు విప్పింది. లంక పిల్లకి లంక వంకాయ పడదంటే నలుగురూ నవ్వుతారంది. ఆ రోజుకి ఒక్క ముక్క తినేసి, ఇంటికొచ్చి మందు రాసుకుంటే ఎవరికి తెలుస్తుందంది.

"నాకు తెలుస్తుంది కదా నాయనమ్మా," అంది రత్నం.

ఆ తర్వాత నారు పోశారు, పూత వచ్చింది, పిందె దిగింది. ఆ రోజుల్లో రత్నం నాయనమ్మ వెనకే తోటంతా తిరిగింది. తినడానికి లేదు కాబట్టి చూడటం నేర్చుకుంది. లేత కాయ చేతిలో తేలిగ్గా ఉంటుంది. నొక్కితే సొట్ట పడి మళ్ళీ పైకి వస్తుంది. పురుగు దూరిన కాయకి ముచ్చిక కింద సూది మొనంత బెజ్జం ఉంటుంది. ఇవన్నీ నాయనమ్మ నేర్పింది. నేర్పుతూ, దీని చూపు నాకంటే వాడిగా ఉందే అని లోపల అనుకుంది.

అప్పుడు తొలికోత వచ్చింది. రేవు నిండా జనం. బుట్టలు వరసగా పెట్టారు. సరంగు పోలయ్య పడవ కట్టి నిలబడ్డాడు. రత్నం చేతిలో ఆకు పెట్టారు. ఆకులో నూనె మెరిసే గుత్తి వంకాయ. వాసనకి నోరూరింది. అయినా రత్నం ఆకుని గట్టు మీద పెట్టింది.

"నాకు వంకాయ పడదు. తింటే ఒళ్ళు దురద వస్తుంది. తినకుండా కమ్మగా ఉందని చెప్పలేను."

వెనక నుంచి ఎవరో, చేప వచ్చి తనకి నీళ్ళు పడవన్నట్టుందని నవ్వారు. నాన్న తల దించుకున్నాడు. రత్నం మాత్రం అక్కడే నిలబడింది.

"కాయ చూసి మాత్రం చెప్పగలను," అంది.

మొదటి బుట్టలోంచి ఒక కాయ తీసి అరచేతిలో ఊపి చూసింది. లేతది, బాగుందంది. రెండో బుట్టలో కాయ నొక్కి చూసింది. అదీ బాగుందంది. మూడో బుట్ట వాళ్ళ నాన్నదే. అందులో ఒక కాయ తిప్పి చూసి, ముచ్చిక కింద వేలు పెట్టి, ఇది పుచ్చు అని పక్కన పెట్టింది. నాన్న కత్తితో కోసి చూశాడు. లోపల పురుగు ఉంది.

అప్పుడు పోలయ్య గట్టు మీదికి వచ్చాడు. ఇన్నేళ్ళలో ప్రతి పిల్లా కమ్మగా ఉందనే చెప్పిందన్నాడు. కిందటేడు అలా చెప్పాక తీసుకెళ్ళిన బుట్టల్లో సగం పుచ్చులు తేలి, అవతలి ఒడ్డున తను తిట్లు తిన్నానన్నాడు.

"తనకి పడదని నిజం చెప్పింది. సొంత బుట్టలో పుచ్చు చూపించింది. ఈ పిల్ల బాగుందంటే నేను కళ్ళు మూసుకుని ఎక్కిస్తాను."

ఆ తర్వాత జనంలోంచి నాయనమ్మ వచ్చింది. గట్టు మీద ఆకు అందుకుంది. అందరూ చూస్తుండగా కాయ మొత్తం తాపీగా తింది. వేళ్ళు తుడుచుకుని, తల ఎత్తి, పడవ అవతలి కొసకి వినపడేలా చెప్పింది.

"కమ్మగా ఉంది. తిన్నది నేను. కాయ ఎంచింది నా మనవరాలు."

బుట్టలు పడవ ఎక్కాయి. ఆ మరుసటి ఏటి నుంచి తొలికోత నాడు పిల్లలు కాయ తినే ముందు బుట్టలు చూడటం ఆ లంకలో ఆచారమైంది. ఎలా చూడాలో రత్నమే నేర్పేది. బడిలో దూరంగా జరిగిన పిల్ల అందరికంటే ముందు వచ్చి పక్కన కూర్చుంది.

మంగాయమ్మ ఇంటికి చుట్టాలు వస్తే, వడ్డించే ముందు ఒక మాట అడగడం మొదలైంది. అప్పటిదాకా ఆ లంకలో ఎవరూ ఎవర్నీ అడగని మాట. "మీకు వంకాయ పడుతుందా?" అదేం ప్రశ్నని చుట్టాలు నవ్వేవాళ్ళు. ఆవిడ రత్నాన్ని పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని, అప్పుడు మొదలుపెట్టేది, ఇదిగో ఈ కథే, మొదటి నుంచీ.

పుచ్చు కాయ పక్కకి,
మంచి కాయ పడవకి,
పడవ సాగె రేవుకి,
పాప చేరె పడకకి,
కథ వెళ్ళె కంచికి,
నిద్ర వచ్చె ఇంటికి.