బొల్లమ్మ ఇంటి చదువు

కొంగ జపం అని లోకం ఆడిపోసుకుంటుంది గానీ, గుట్ట కింది వాగొడ్డున బడి నడిపిన కొంగ పంతులుగారు నిజంగానే పెద్దమనిషి. ఒంటికాలి మీద నిలబడి, రెండో కాలితో ఇసుకలో గీసి పాఠం చెప్పేవారు. తొలకరికి బడి మొదలైతే జొన్న కంకి పాలు పట్టేదాకా ఒకటే చదువు. నేల మీద జాడ చూసి అది ఎవరిదో, ఎటు పోయిందో, ఎంతసేపటి కిందటిదో చెప్పాలి. అది వచ్చిన పిల్లలే అమ్మ తోడు లేకుండా గుట్ట మీద మేతకు పోవచ్చు. రానివాళ్ల కోసం గుట్ట మీది నక్క ఏటా కాచుకుని ఉండేవాడు.

ఆ ఏడు బొల్లి గొర్రె తన కూతురు మల్లిని బళ్లో వేసింది. బొల్లమ్మకి చదువు లేదు. దాని చిన్నతనంలో ముందున్న గొర్రె తోక చూసుకుంటూ నడవడమే చదువు. అలా నడిచే వాళ్లక్క ఒకనాడు గుట్ట ఎక్కి మళ్లీ దిగలేదు. అందుకే మొదటిరోజే పంతులుగారి ముందు తల వంచుకుని నిలబడింది.

"అయ్యా, ఇంటి దగ్గర కూడా చదివించాలంటున్నారు. నాకు ఎద్దు జాడకీ గేదె జాడకీ తేడా తెలీదు. నేనేం చెప్పను?"

"నువ్వు చెప్పొద్దమ్మా. రోజూ సాయంత్రం, 'ఇవాళ నేర్చుకున్నది నాకు నేర్పవే' అను. నీకు అర్థమయ్యేదాకా దాన్ని వదలకు."

ఆ మాట బొల్లమ్మ పట్టుకుంది చూడండీ, గొర్రె పట్టంటే అదీ!

పిల్లలు సాయంత్రం పూట ముంగిట్లో మెత్తటి మట్టి పరిచి, ఆనాటి జాడ దిద్దాలి. పొద్దున్నే పంతులుగారు వచ్చి చూస్తారు. మల్లి దిద్దిన ఎద్దు గిట్ట పగిలిన పెంకులా వచ్చింది. పక్కింటి మేక కోటమ్మ ముంగిట్లో మాత్రం అచ్చు గుద్దినట్టున్న జాడలు!

"మీ పిల్లలు ఎంత చక్కగా దిద్దారు వదినా!" అంది బొల్లమ్మ.

"వాళ్లెక్కడ దిద్దారు! మన నక్క బావ దిద్ది పెడుతున్నాడు. పాపం, పైసా అడగడు. పిల్లలు పైకొస్తే చాలంటాడు. నీకూ పంపనా?"

పిలవకుండానే నక్క వచ్చాడు. తోక కాళ్ల మధ్య ముడుచుకుని ఒకటే వినయం.

"బొల్లమ్మా, పసిదానికి ఎందుకీ యాతన? నేను దిద్దుతాను, దాన్ని ఆడుకోనీ."

మల్లి అప్పటికే ఏడుపు ముఖంతో ఉంది. బొల్లమ్మ మనసు ఒక్క క్షణం జారింది. గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందని ఊరికే అన్నారా! కానీ అక్క గుర్తొచ్చింది.

"వద్దులే బావా. అది దిద్దితే నేనూ నేర్చుకుందామని ఆశ" అంది.

నక్క నవ్వుకుంటూ పోయాడు. తల్లీకూతుళ్లు మళ్లీ మట్టి ముందు కూర్చున్నారు.

"పిల్లి జాడకి గోళ్లు గీయలేదేమే?"

"పిల్లి నడిచేటప్పుడు గోళ్లు లోపల దాచుకుంటుందమ్మా."

"మరి కుక్కో?"

"దానికి దాచుకోవడం రాదు."

"నీకెలా తెలుసు? చూశావా?"

 మర్నాడు మల్లి కాపరి కుక్క వెనకాలే తిరిగి, చూసొచ్చి చెప్పింది. బొల్లమ్మ ప్రశ్నలకి ఆ పిల్ల ఎన్నిసార్లు విసుక్కుందో! అయినా ఆ తల్లి అడగడం మానలేదు. అలాంటి తల్లికి దండం పెట్టాలనిపిస్తుంది నాకు.

ఒక సాయంత్రం కోటమ్మ ముంగిట్లో, దిద్దిన జాడల పక్కనే ఇంకేవో కనిపించాయి.

"ఇవెవరివే?" అంది బొల్లమ్మ.

మేకపిల్లలు ఎగిరి గంతేశారు. "కాపరి కుక్కవి! నక్క మామ చెప్పాడు. ఈ జాడ ఎక్కడ కనిపించినా భయం లేదు, వెంట పొమ్మన్నాడు."

"కాపరి కుక్క అటూ ఇటూ తిరుగుతుందిగా? ఇదేమిటి మల్లీ, ఇంత తిన్నగా పోయింది?"

 మర్నాడు మల్లి పంతులుగారిని అడిగితే, ఆయన జవాబు చెప్పలేదు. "కుక్క జాడా, ఆ జాడా పక్కపక్కన పెట్టి చూడు తల్లీ" అన్నారు. మల్లి చూసింది.

జొన్న కంకులు పాలు పట్టాయి. పరీక్షరోజు పిల్లలు గుట్ట దారి పట్టారు. తల్లులు పంతులుగారితో గట్టు మీదే నిలబడాలి, నోరు మెదపకూడదు. మలుపులో తడి మట్టి మీద ఏదో జాడ, పక్కనున్న పొద వైపు.

"కాపరి కుక్క!" అని మేకపిల్లలు పొదవైపు పరిగెత్తబోయారు.  బొల్లమ్మ అక్క పోయిన దారి అదే.

"ఆగండర్రా!" మల్లి అడ్డం నిలబడింది. "కుక్క పాదం వెడల్పు, ఇది సన్నం. కుక్క వంకర్లు తిరుగుతుంది, ఇది దారం పట్టినట్టు పోయింది. అంచులు ఇంకా ఆరలేదు, ఇప్పుడే వెళ్లింది. పొదలోకి పోయింది గానీ బయటికి రాలేదు." తర్వాత గొంతెత్తి, "నక్క మామా! మాకు కనిపించావులే, బయటికి రా!" అంది.

పొద కదిలింది. నక్క ఇకిలిస్తూ బయటికొచ్చాడు. "ఏంలేదమ్మా, మీ పరీక్ష చూసిపోదామని..."

ఆ మాట పూర్తికాలేదు. కోటమ్మ కొమ్ములు వంచి గట్టు మీంచి దూకింది. ఇంటి ముంగిట్లో మర్యాద చేసిన ఆ కొమ్ములే నక్క వీపు పగలగొట్టాయి. పడుతూ లేస్తూ వాగు ఇసుకలో పడి పారిపోయాడు.

పంతులుగారు తాపీగా గట్టు దిగి, ఇసుక చూపించారు. "పిల్లలూ, ఈ జాడ ఎవరిది?"

"నక్కదండీ!" మేకపిల్లలు గొంతు చించుకున్నారు.

"ఇప్పుడు సరిగ్గా చెప్పారు. వచ్చే తొలకరికి మళ్లీ రండి" అన్నారాయన. మల్లిని మాత్రం గుట్ట మీదికి పొమ్మన్నారు.

కూతురు ఒంటరిగా గుట్ట ఎక్కుతుంటే బొల్లమ్మ కళ్లు తుడుచుకుంది. సాయంత్రం మల్లి క్షేమంగా దిగివచ్చేసరికి కోటమ్మ తన ముంగిట్లో మట్టి పరిచి కూర్చుని ఉంది.

"వదినా, ముందు ఏం అడగాలో కాస్త చెప్పవూ?" అంది.

బిడ్డ పని చేసిపెట్టేవాడికన్నా, పక్కన కూర్చుని "ఏదీ, నాకు నేర్పు" అనేవాళ్లే బిడ్డకి మేలు చేస్తారు.