కత్తిచేపలు ఎదురుపడగానే గుంయ్ మార్చేదెందుకు?

ఒకప్పుడు కత్తిచేప బుర్రకు పనీపాటా ఉండేది కాదు. తలలో ముడుచుకుని హాయిగా కునుకు తీస్తుండేది. పెత్తనమంతా తోకదే.

కత్తిచేపలు ఉండేది బురద ఏట్లో. మిట్టమధ్యాహ్నం కూడా అక్కడ ఎవరి మూతి వాళ్ళకే కనపడదు. అందుకే వాటి తోక 'గుంయ్'మంటూ కాస్త కరెంటు వదిలేది. షాకు కొట్టేంత కరెంటు కాదు, భయపడకండి! అది ఒంటి చుట్టూ నీళ్ళల్లో పరుచుకునేది. మధ్యలో రాయి అడ్డొచ్చినా, పురుగు అడ్డొచ్చినా చర్మానికి ఇట్టే తెలిసిపోయేది.

ఆ ఏట్లో నూకాలు అనే కత్తిచేపకు ముగ్గురు పిల్లలు. ఒకరోజు వరద వచ్చి పిల్లల్ని తోసుకుపోయింది.

"నూకాలక్కా! నీ పిల్లలు నాచు పక్కన ఏడుస్తున్నారే! వాలుగ కూడా అటే పోతోంది!" అని ఒక రొయ్య కేకేసింది. వాలుగంటే తెలుసుగా? నోరు తెరిస్తే గుప్పెడు పిల్లచేపలు ఒక్కసారే లోపలికి పోతాయి.

నూకాలు ఉన్నపళంగా బయల్దేరింది. పక్కింటి పైడమ్మ మంచి మనసున్న చేప. "ఉండొదినా, నేనూ వెతుకుతా!" అంటూ వెంట వచ్చింది.

అక్కడే వచ్చింది తంటా. ఇద్దరి గుంయ్ దాదాపు ఒకటే! రెండూ కలిసిపోయి నీళ్ళంతా గజిబిజి. రాయేదో, పిల్లేదో ఇద్దరికీ తెలియలేదు.

"నా వల్లే వదినా. నా గుంయ్ బొంగురు చేసుకుంటాలే" అంది పైడమ్మ.

"సాయానికొచ్చినదానివి, నువ్వెందుకే? నేనే చేసుకుంటా" అంది నూకాలు.

ఇద్దరూ ఒకేసారి బొంగురు చేశారు. మళ్ళీ గజిబిజే! "పోనీ, సన్నం చేస్తా" అనుకుని ఇద్దరూ ఒకేసారి సన్నం చేశారు. ఇరుకు సందులో ఎదురుపడ్డ ఇద్దరు ఒకే పక్కకి తప్పుకున్నట్టయింది. మొహమాటం మంచిదే, కానీ పిల్లల మీదికి వాలుగ పోతున్నప్పుడా!

నూకాలుకు ఏడుపొచ్చేసింది. "నా పిల్లలు దక్కరే!" అని తల రాయికేసి కొట్టుకుంది. ఆ దెబ్బకి లోపల బుర్ర ఉలిక్కిపడి లేచింది.

"ఎవరే అదీ?"

"నేనే! నిద్ర చాలించి ఏదో ఒకటి చెయ్యవే తల్లీ!"

సంగతి విని బుర్ర ఒళ్ళంతా కబురు పెట్టింది. "చెంపా, నీకేం తెలుస్తోంది?"

"మన గుంయే సన్నం" అంది చెంప.

"కాదు, పైడమ్మదే సన్నం" అంది పొట్ట.

"చెంప చెప్పిందే నిజం" అంది వీపు. అవునంటే అవునన్నాయి మొప్పలు.

"నన్నడగరేం?" అని తోక అలిగింది.

"ముందు పని, తర్వాత అలక!" అని కసిరింది బుర్ర. ఎక్కువమంది మాట పట్టుకుని తీర్పు చెప్పింది. "మనది వెంట్రుకవాసి సన్నం. ఇంకా సన్నం చెయ్యండి. అవతల వాళ్ళది బొంగురు. వాళ్ళు ఇంకా బొంగురు చెయ్యాలి."

"పైడీ! నువ్వూ నీ బుర్రను లేపు!" అని అరిచింది నూకాలు. పాపం, పైడమ్మ కూడా ఒక రాయి వెతుక్కుంది. ఠంగ్!

నూకాలు 'కీంయ్' అంది. పైడమ్మ 'బొంయ్' అంది. ఒక్కసారిగా అన్నీ విడివిడిగా తెలిశాయి. ఇదిగో నాచు. ఇదిగో ఒకడు, ఇద్దరు, ముగ్గురు! వాళ్ళ వెనకే ఇంత పెద్ద నోరు!

నూకాలు ఇద్దర్ని, పైడమ్మ ఒకడిని తోసుకుంటూ రాళ్ళ సందులో దూరారు. వాలుగ నోట్లోకి బురద తప్ప ఏమీ పోలేదు. నూకాలు పిల్లల్ని మూతితో తడిమి తడిమి చూసుకుంది. ఆ సంతోషం చెప్పడం నా వల్ల కాదు.

అప్పటినుంచే రెండు కత్తిచేపలు ఎదురుపడితే, పలకరింపులకన్నా ముందు వాటి బుర్రలు ఒళ్ళంతా అడిగి తెలుసుకుంటాయి. సన్నగా ఉన్న గుంయ్ ఇంకా సన్నమవుతుంది, బొంగురుగా ఉన్నది ఇంకా బొంగురవుతుంది. ఎంత దగ్గరగా తిరిగినా, ఎవరి పిల్లలు ఎక్కడున్నారో ఆ తల్లులకు ఈనాటికీ తెలుస్తూనే ఉంటుంది.