నచ్చిన దీపం పట్టుకెళ్లండి

వెనకటికి ఓ రాజుగారి రథానికి రెండు దీపాలుండేవి. గాలికి ఆరకుండా వాటికి అద్దాల్లాంటి అభ్రకం పలకలు బిగించారు. ఏళ్ల తరబడి పొగపట్టి అవి పచ్చగా మసకబారాయి, దారి కనబడితే ఒట్టు! రథశాల అధికారి రంగపతి మాత్రం, "అది మురికి కాదు ప్రభూ, బంగారు ఛాయ! రాజసం!" అని నమ్మించేశాడు. మరి వాటిని తోమించాల్సిన మనిషి ఆయనే కదండీ!

ఓ సాయంత్రం రథం గోతిలో పడబోయి తప్పింది. సారథి పోలయ్యకి ఒళ్లు మండి, మర్నాడు తడిబూడిదతో ఒక దీపం పలకలు ఓపిగ్గా రుద్ది, నూనెగుడ్డతో తుడిచాడు. నీళ్లలా తేటపడ్డాయి. రెండోదాని మీద చెయ్యి వెయ్యబోతుంటే రంగపతి పట్టుకుని రాజుగారి ముందుకి ఈడ్చుకెళ్లాడు.

"బంగారు ఛాయంతా గీకేశాడు ప్రభూ! వీణ్ణి దేశం నుంచి వెళ్లగొట్టాలి!"

"ఏమంటావు పోలయ్యా?" అన్నారు రాజుగారు.

"పాడుచేశాననే అనుకోండి, మారాజా. కానీ పొద్దుగూకింది. రంగపతిగారు కాలవగట్టు మీదుగా ఇంటికెళ్లాలి, నిన్నటి వానకి గట్టు జారింది కూడానూ. రెండు దీపాలూ వెలిగించి తెప్పించండి, ఆయనకి నచ్చింది పట్టుకెళ్తారు."

దీపాలొచ్చాయి. రంగపతి బయటి చీకటికేసి ఓసారి చూశాడు. అంతే, చెయ్యి దానంతటదే తేటదీపం మీదకి పోయింది!

సభంతా గొల్లున నవ్వింది.

"అది పాడైందన్నావుగా, కింద పెట్టు! నీ బంగారు ఛాయ నువ్వే పట్టుకెళ్లు," అన్నారు రాజుగారు. "పోలయ్యా, రేపట్నుంచి రథశాల నీది."

రంగపతి ఇంటికెలా చేరాడంటారా? తేటదీపం పట్టుకుని ముందు పోలయ్య నడిచాడు, వెనకే తడుముకుంటూ బంగారు ఛాయ!