వాగు అవతల టకటక

ఈ మాట ఇంతవరకూ పైకి అనలేదు: కుముదినిని మా కుట్టు షెడ్డులోకి రానివ్వని షరతు రాసింది నేనే. "బయటి ఊరివాళ్ళకి సొంత మిషను ఉంటేనే చోటు" అని అట్ట మీద ఎర్ర స్కెచ్‌తో, నా చేతిరాతలో. ఆమె బరంపురం నుంచి వచ్చింది. చేతిలో కత్తెర, మెడలో టేపు, అంతే. తెలుగు చదవడం రాక ఆ అట్ట నన్నే చదివి పెట్టమంది. చదివాను.

ఉన్నదున్నట్టు చెప్పే ధైర్యం లేదు. జంతువుల మీద పెట్టి చెబుతాను.

కొండ కింద ఒక మామిడితోపు. పోయిన గాలివానకి తొర్రలున్న ముసలి చెట్లన్నీ పడిపోయాయి. మిగిలినవి కుర్ర చెట్లు, మచ్చుకి ఒక్క తొర్ర లేదు. తొర్రలో తప్ప గుడ్లు పెట్టలేని గోరింకకీ చిలకకీ అది ఇల్లు కూలిపోవడమే. కాయలు పండబారుతున్నాయి, గోరింకకి కడుపు బరువెక్కుతోంది. రోజూ ఒక్కో చెట్టు చుట్టూ తిరిగి, మెడ వంచి చూసి, ఉత్తినే తిరిగొచ్చేది.

"ఇంకెన్నాళ్ళే?" అంది చిలక.

"పది రోజులు. మహా అయితే పన్నెండు."

"పోనీ ఏ కొమ్మ మీదో పెట్టెయ్యరాదూ?"

"నువ్వు పెట్టి చూపించు, నేర్చుకుంటాను."

తోపు గట్టు మీద కాపలా నక్కది. బయటివాళ్ళని ఎవ్వరినీ రానివ్వకూడదన్నది పాత కట్టడి. తోపు ఇలా బోసిపోయాక సభ పెట్టి దాన్ని మార్చారు. "తోపుకి సంపద తెచ్చేవాళ్ళకి, పదిమందికి పని చూపించేవాళ్ళకి దారి ఇస్తాం" అని నక్క చాటింపు వేసింది.

"తెచ్చింది గట్టు మీద పోసి చూపించాలి, అది కూడా చేర్చు మామా," అంది గోరింక. "ఒట్టి చేతులతో వచ్చి మన పళ్ళు తినిపోతే?"

అందరూ బాగుందన్నారు. చేర్చారు.

మొదట వచ్చింది వడ్రంగి పిట్ట.

"ఏం తెచ్చావు?" అంది నక్క.

"ముక్కు."

"అది అందరికీ ఉంది. పోసి చూపించేదేమైనా ఉందా?"

"పోసి చూపించేది కాదు మామా, చేసి చూపించేది. ఒక్క చెట్టు ఇవ్వు. ఏటా ఒక తొర్ర తొలుచుకుంటాను. మరుసటేడు కొత్తది. పాతదాంట్లో ఎవరు చేరితే వాళ్ళది."

చిలక పకపకా నవ్వింది. "మన చెట్లకి చిల్లులు పెడతానంటోంది, మనమే దారి వదలాలట!"

"ఎండిన కొమ్మలే అక్కా."

నక్క గోరింక వైపు తిరిగింది. "షరతు నీదే కదమ్మా. ఏమంటావు?"

తొర్ర అన్న మాట దగ్గరే గోరింక మనసు ఆగిపోయింది. కానీ అందరూ తననే చూస్తున్నారు. "షరతు షరతే," అంది.

వడ్రంగి పిట్ట బతిమాలలేదు. వాగు దాటి వెళ్ళిపోయింది.

మర్నాడు పందికొక్కు వచ్చింది. గట్టు మీద దోసెడు సజ్జలు పోసి మీసాలు దువ్వుకుంది.

"ఇది బోణీయే. రోజూ తెస్తాను. ఇక్కడ ఇళ్ళు కట్టిస్తాను. తవ్వేవాళ్ళకి పని, మట్టి మోసేవాళ్ళకి పని, కాపలాకి మీ బంధువులకి పని!"

"ఇంతటి దొరవి ఇన్నాళ్ళూ ఎక్కడున్నావు అల్లుడూ?" అంది నక్క.

గోరింక ఒక గింజ తీసుకోబోయి ఆగింది. సజ్జల్లో ఎండిన వేపాకు కనబడింది. వానాకాలం కోసం తోపువాళ్ళు పెద్ద రాయి కింద గింజలు దాచుకుంటారు. పురుగు పట్టకుండా వేపాకు కలుపుతారు. ఈసారి ఒక్కో ఆకూ ముక్కున కరుచుకొచ్చి కలిపింది తనే. 'వీళ్ళ ఊళ్ళోనూ కలుపుతారేమోలే' అనుకుంది. అలా అనుకుంటే హాయిగా ఉంది. ఇల్లు వస్తుందంటున్నప్పుడు అనుమానించడానికి ఎవరికి మనసొప్పుతుంది?

తవ్వకం మొదలైంది. తవ్వేవాళ్ళంతా పందికొక్కు బావమరదులే. కట్టిన ఇళ్ళు చూస్తే నేలలో బొరియలు.

"రెక్కలున్నదాన్ని, నేలలో ఎలా ఉండనయ్యా?" అంది గోరింక.

"నాలుగు రోజులుంటే అలవాటైపోతుందమ్మా!"

గోరింక గట్టు చివరి కొమ్మ మీద కూర్చునేది. వాగు అవతల ఎండిన తాడిమొద్దు మీంచి టకటక వినిపించేది. కాసేపు ఆగి, మళ్ళీ టకటక. ఆగినప్పుడల్లా గోరింక మెడ చాచి చూసేది. అయిదో రోజు అవతలి గట్టు గోరింకలు ఆ మొద్దులోకి గడ్డిపరకలు మోసుకుపోవడం కనబడింది. ఆ వేళ దానికి తిండి సయించలేదు.

తొమ్మిదో రోజు వాన పడింది. బొరియలన్నీ నీళ్ళు. గింజలు తడుస్తాయేమోనని నక్క రాయి కింద తల పెట్టి చూసింది. ఒక్క గింజ లేదు. ప్రతి బొరియా ఆ రాయి కిందికే వచ్చి కలిసింది. అన్నిటికంటే పాతదొకటి గట్టు అవతలికి పోయింది. పందికొక్కు రోజుకి దోసెడు చూపించి, బస్తా మోసుకుపోయిందన్నమాట.

"అల్లుడూ! ఓ అల్లుడూ!" అని నక్క బొరియలోకి అరిచింది. దాని గొంతే దానికి తిరిగొచ్చింది.

"మన గింజలే మనకి పెట్టుబడిగా పోశాడు," అంది గోరింక. "మొదటి రోజే వేపాకు చూశాను."

"చూసి?"

"చూసి, నోరు మూసుకున్నాను."

ఈసారి చిలక నవ్వలేదు.

నక్క తడిసిన తోక విదిలించుకుంది. "సభ పెడదాం. షరతు మారుద్దాం. ఏం తెచ్చావని కాదు, ఏం చేస్తావని అడుగుదాం. వచ్చే పౌర్ణమికి అందరినీ పిలిచి..."

"నా గుడ్లు పౌర్ణమిదాకా ఆగవు మామా," అని గోరింక వానలోనే వాగు వైపు ఎగిరింది.

వచ్చినవాళ్ళ చేతుల్లో ఏముందా అని వెతికేవాళ్ళకి, ఆ చేతులు ఏం చేయగలవో కనబడదు.

అవతలి గట్టున గోరింక వడ్రంగి పిట్టని ఏమని పిలిచిందో కూడా రాద్దామనుకున్నాను. మాట దొరకలేదు. మా షెడ్డులో ఎనిమిది మిషన్లున్నాయి, ఆరింటి మీద దుప్పట్లు కప్పి ఉన్నాయి. మాకు కుట్టడం వచ్చు, కత్తిరించడం రాదు. చూసి చూసి నేనే నేర్చుకున్న కటింగులో ప్రతి జాకెట్టూ చంక దగ్గర పట్టేస్తుంది. కుముదిని కత్తిరిస్తే ఎనిమిది మందిమీ పొద్దస్తమానం కుట్టొచ్చు.

ఆ రోజు పోతూ పోతూ ఆమె కటింగ్ బల్ల మూల మీద సుద్దతో తన ఫోన్ నంబరు రాసింది. అయిదు నెలలుగా ఆ మూల బట్ట పరవడం లేదు, ఎవర్నీ తుడవనివ్వడం లేదు. ఎందుకని అడిగితే ఏదో ఒకటి చెప్పి తప్పించుకున్నాను. చివరి అంకె కాస్త చెరిగింది. ఒకటో, ఏడో.

రెండూ చేసి చూస్తాను. ముందు ఏడు.